గుణింతం పాడటం వేరు, మాట చదవడం వేరు

నేను ఉపాధ్యాయురాలిగా చేరిన రెండో ఏట ఖమ్మం జిల్లాలోని ఒక పల్లె బడిలో రెండో తరగతి పిల్లలకు తెలుగు చెబుతున్నాను. క గుణింతం మొదలుకొని హ గుణింతం వరకు ఎక్కడా తడబడకుండా గడగడా అప్పజెప్పే పాప ఒకతె ఆ తరగతిలో ఉండేది. బడికి ఎవరు తనిఖీకి వచ్చినా మొట్టమొదట ఆ పాపనే నిలబెట్టి చెప్పించేదాన్ని. ఒక రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక బొమ్మల పుస్తకం ఒకటి తెరిచి, పులి బొమ్మను అరచేత్తో కప్పి, దాని కింద పెద్ద అక్షరాలతో ఉన్న 'పులి' అనే మాటను చదవమన్నాను. పాప కాసేపు ఆ మాట వంక చూసి, పెదవులు మాత్రమే కదుపుతూ 'ప, పా, పి, పీ, పు' అని లోలోపల పాడుకుంటూ వచ్చి 'పు' దగ్గర ఆగింది. తరవాత 'ల, లా, లి' అని రెండో అక్షరాన్ని అందుకుంది. అప్పటికి మొదటి అక్షరం ఏమిటో మరచిపోయి మళ్ళీ 'ప' నుంచి ఎత్తుకుంది. రెండక్షరాల మాట కోసం ఎనిమిది అక్షరాలు పాడవలసి వచ్చిన ఆ పాప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చెయ్యి తీసేశాను. బొమ్మ కనబడగానే 'పులి' అంది. ఏడాదిన్నర పాటు ఆ పాపకు నేర్పింది పాట అనీ, చదవడం ఇంకా మొదలే కాలేదనీ నాకు ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసి హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవడికి ఆరేళ్ళు నిండాయి. వాడు వెళ్ళేది ఇంగ్లీషు మీడియం బడి అయినా, 2018లో తెలంగాణలో చేసిన చట్టం వల్ల అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది కాబట్టి అక్కడా తెలుగు చెబుతున్నారు. అయితే వాడు తెచ్చుకునే ఇంటిపనిలో వారానికి మూడు రోజులు 'ఫలానా గుణింతం ఐదుసార్లు రాయండి' అనే ఉంటుంది. ఆ పుస్తకం చూసినప్పుడల్లా నాకు ఆ పాపే గుర్తుకు వస్తుంది. ముప్పై ఏళ్ళు ఒకటి, రెండు తరగతుల పిల్లల మధ్య గడిపి తెలుసుకున్న సంగతులు, ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకూ అమ్మమ్మలకూ తాతయ్యలకూ పనికివస్తాయన్న ఆశతో ఇది రాస్తున్నాను.

తెలుగు చదవడం నేర్చుకోవడంలో తేలికా ఉంది, బరువూ ఉంది. ఒక అక్షరం ఎక్కడ కనబడినా దాదాపు ఒకే విధంగా పలుకుతుంది కాబట్టి, ఇంగ్లీషులో లాగా ఒక్కొక్క మాటకు వేరుగా స్పెల్లింగు కంఠస్థం చెయ్యవలసిన పని లేదు. ఇది తేలిక. బరువంతా ఆకారాల సంఖ్యలో ఉంది. వర్ణమాలలో 56 అక్షరాలని పెద్దలు చెప్పే లెక్క. ఌ, ౡ వంటివి నేటి పిల్లల పుస్తకాల్లో కనబడవు కనుక అసలు నేర్చుకోవలసినవి అంతకంటే తక్కువే. కానీ పుస్తకం తెరిచిన పిల్లవాడి కళ్ళకు వర్ణమాల కనబడదు, గుణింతాలు, ఒత్తులు కనబడతాయి. సుమారు 35 హల్లులకు పదహారేసి రూపాల చొప్పున వేసుకుంటే గుణింతంలోనే 560 ఆకారాలు తేలతాయి. వాటి కింద ఒత్తులు చేరితే ఇక లెక్క పెట్టడం కష్టం. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపిని పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో పరిశీలించిన సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనా వ్యాసంలో, అక్షరాలన్నింటి మీద పట్టు రావడమనేది నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని చూపించారు. ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే, ఒకటో తరగతి చివరికల్లా అన్నీ వచ్చి తీరాలని నేను అంతమంది పిల్లలను తొందరపెట్టి ఉండేదాన్ని కాదు.

ఆ 560 ఆకారాలను విడివిడిగా నేర్చుకోవలసిన అవసరమే లేదన్నది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన విషయం. 35 హల్లులు, తలకట్టు మొదలుకొని విసర్గ దాకా 16 గుర్తులు, కలిపితే 51 మాత్రమే. ఏ గుర్తు ఏ ధ్వనిని తెస్తుందో తెలిసిన పిల్లవాడు, ముందెప్పుడూ చూడని అక్షరాన్ని కూడా తనంతట తాను కూడబలుక్కోగలడు. మా చిన్నప్పుడు పంతులుగారు 'కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు' అని చెప్పించేవారు. అందులో గుర్తుకు పేరుంది, పనీ ఉంది. కాలక్రమంలో ఆ మాటలు రాలిపోయి 'క కా కి కీ' అనే రాగం మాత్రం మిగలడంతో, పిల్లవాడికి 'కి' అనేది వరుసలో మూడోది అయింది గాని, గుడి పెట్టిన క కాలేదు.

అందుకే నేను గుణింతాన్ని అడ్డంగా కాకుండా నిలువుగా చెప్పడం మొదలుపెట్టాను. ఒక హల్లును తీసుకొని పదహారు గుర్తులూ తగిలించడానికి బదులు, ఒక గుర్తును తీసుకొని తెలిసిన హల్లులన్నింటికీ తగిలించాలి. ఈ వారమంతా గుడే అనుకుంటే కి, గి, చి, డి, ది, ని, పి, లి, వి అని పలక మీద నిలువుగా రాసి, వెంటనే వాటితో మాటలు చదివించాలి. చలి, గది, నది, బడి, పని, తడి, చిలక, గిలక వంటివన్నీ ఒక్క గుడి వచ్చిన పిల్లవాడు చదవగలిగిన మాటలే. గుడి బాగా నిలిచాక కొమ్ము చెప్పి, అప్పుడు రెండూ కలిసిన 'పులి'ని అతని ముందు పెట్టాలి. ఆ తరవాతి సంవత్సరాల్లో నా తరగతి పిల్లల్లో 'ప పా పి పీ' అని లోపల పాడుకొనే అలవాటు చాలావరకు పోయింది. బడిలో అడ్డంగా అప్పజెప్పమంటే చెప్పనివ్వండి, నష్టం లేదు. ఇంట్లో పది నిమిషాలు నిలువుగా నడిపిస్తే చాలు.

గుణింతానికి ముందు కొన్ని అక్షరాలు రావాలి కదా, వాటికి కూడా 'అ' నుంచి 'ఱ' దాకా వరుస పాటించనక్కరలేదు. వరుసలో వెళ్తే ఋ, ఙ, ఞ వంటివి తొలి నెలల్లోనే పిల్లవాడి దారికి అడ్డం పడతాయి. వాటితో అతను చదవగలిగిన మాటలు దాదాపు ఉండవు. ప, ల, క, డ, వ, త అనే ఆరు అక్షరాలు ముందుగా నేర్పితే పలక, పడవ, వల, తల, కల, వడ, తడక, పడక, కలప అన్నీ మొదటి వారంలోనే అతని సొంతమవుతాయి. తాను చదివింది ఒక మాట అనీ, ఆ మాట తనకు ముందే తెలుసనీ పిల్లవాడికి తెలిసిన క్షణంలో ముఖంలో వచ్చే వెలుగు కోసమే నేను ఆ ఉద్యోగంలో అన్నేళ్ళు ఉన్నాను. అక్షరాభ్యాసం రోజున బియ్యంలో వేలు పట్టి దిద్దించిన 'ఓ' అతనికి చదువుగా అనిపించదు. పళ్ళెంలో ఉన్న వడను కాగితం మీద కూడా చూసినప్పుడు అనిపిస్తుంది.

పిల్లలు ఎక్కడ తడబడతారో పెద్దలు ముందే తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ తడబాట్లలో చాలా వాటికి లిపిలోనే కారణం ఉంటుంది. మొన్న మా మనవడు పుస్తకంలో వేలు పెట్టి "అమ్మమ్మా, ఇది వు నా, మ నా?" అని అడిగాడు. 'ఆవు' అన్న మాట అది. వాడి సందేహం ఎంతో సరైనది. 'క'కు, 'గ'కు కొమ్మిచ్చినట్టే 'వ'కు కూడా కుడిపక్కన కొమ్మిస్తే అచ్చం 'మ' లాగే తయారవుతుంది. అందుకే వు రాసేటప్పుడు కొమ్మును అక్షరం అడుగు నుంచి తెచ్చి పైకి లేపుతాం. 'పు' కూడా అంతే. వు, మ రెండింటినీ పక్కపక్కనే పెద్దగా రాసి, కొమ్ము ఎక్కడ మొదలవుతున్నదో బలపంతో చూపించాను. వాడు నాలుగుసార్లు దాని మీదే వేలు తిప్పి, ఆ తరవాత 'మావు' అని ఒక అర్థం లేని మాట రాసి, రెండూ ఉన్నాయని నాకు చదివి వినిపించాడు. 'హ'లో ముందే దీర్ఘం లాంటి గీత ఉండటం వల్ల దానికీ 'హా'కూ తేడా తెలియకపోవడం, 'కొ, గొ' చూసిన కంటికి 'మొ, యొ' కొత్తగా కనబడటం, 'ర'లో చుక్క పెడితే 'ఠ' కావడం కూడా ఈ కోవలోవే. ఇటువంటి చోట 'ఎన్నిసార్లు చెప్పాలి' అని కసిరితే పిల్లవాడు అడగడం మానేస్తాడు. అడగడం మానేసిన పిల్లవాడు ఊహించడం మొదలుపెడతాడు. మొదటి అక్షరం చూసి మిగతాది తోచినట్టు చెప్పే అలవాటు ఒకసారి పట్టుకుంటే మూడో తరగతిలో కూడా వదలదు.

ఒత్తుల దగ్గర ఇంకొక చిత్రం ఉంది. చాలా హల్లులకు ఒత్తు అదే అక్షరం చిన్న రూపంలో, తలకట్టు లేకుండా కింద కూర్చుంటుంది. పూర్తిగా వేరే ఆకారంలో ఉండేవి త, న, మ, య, ర, ల ఒత్తులు. తీరా చూస్తే పిల్లవాడు ఇంట్లో పొద్దున్న లేచింది మొదలు వినే అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల అన్న మాటలన్నీ ఈ ఒత్తులతోనే ఉంటాయి. ఇది ఇబ్బంది అని మొదట్లో అనుకున్నాను, తరవాత దీన్నే వరంగా వాడుకున్నాను. 'అమ్మ' అన్న మాటను ఒక బొమ్మలా ముందే గుర్తుపట్టే పిల్లవాడికి, ఆ మాట కింద ఉన్న చిన్న గీతను చూపించి 'ఇదే మ ఒత్తు' అంటే చాలు. కొత్తగా కంఠస్థం చెయ్యవలసింది ఏమీ ఉండదు. ఒక కార్డు మీద అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల అని రాసి వంటగది తలుపుకు అంటించడం కంటే మంచి ఒత్తుల పాఠం నాకు తెలియదు. ర ఒత్తు మాత్రం ఈ కుటుంబంలో లేదు, దాని సంగతి చివర చెబుతాను.

కాగితం మీద అక్షరాలు చూడకముందే, చెవికి మాటలోని ముక్కలు వినిపించాలి. దీనికి ఖర్చు లేదు. అన్నం తినిపిస్తూ ప-ల-క అని చప్పట్లు కొట్టించవచ్చు. పలక అంటే నువ్వు కలప అనాలి, కలప అంటే నేను పడవ అంటాను, పడవ అంటే నువ్వు వల అనాలి అని బస్సులో వెళ్ళేటప్పుడు గొలుసు కట్టించవచ్చు. మా చిన్నతనంలో పెద్దలకు అర్థం కాకూడదని ప్రతి అక్షరం ముందు 'క' చేర్చి మాట్లాడుకొనే 'క భాష' గుర్తుందా? 'పలక'ను 'కపకలకక' అనాలంటే మాటను లోలోపల అక్షరాలుగా విడగొట్టుకోవాలి, అదీ తడుముకోకుండా. ఆ ఆటలో ఆరితేరిన పిల్లలకు చదవడం త్వరగా పట్టుబడటం నేను తరగతి తరవాత తరగతిలో చూశాను.

రాత గురించి ఒక మాట చెప్పాలి. ఐదుసార్లు గుణింతం రాయమన్నప్పుడు మా మనవడు ఏం చేస్తాడో పక్కన కూర్చొని గమనించాను. గళ్ళ పుస్తకంలో ముందుగా గడి గడికీ 'గ' రాసుకుంటూ పోతాడు. తరవాత రెండో నిలువు వరుస అంతా దీర్ఘాలు, మూడో వరుస అంతా గుళ్ళు పెట్టుకుంటూ వస్తాడు. పేజీ నిండుతుంది, అందంగా కూడా ఉంటుంది, ఒక్క అక్షరం కూడా వాడి నోట పలకదు. రాత అవసరం లేదని నేను అనడం లేదు. చేత్తో రాసిన ఆకారం కంటికి బాగా గుర్తుంటుంది. అయితే ఎనభై గడులు నింపడం కంటే, తాను చెప్పదలచుకున్న ఒక్క మాట రాయడం వల్ల ఆ మేలు ఎక్కువగా జరుగుతుంది. 'నాకు వడ కావాలి' అని తప్పులతో రాసి వంటింట్లోకి పంపిన చీటీకి మా అమ్మాయి నిజంగానే వడ ఇచ్చింది. మరునాడు వాడు అడగకుండానే ఇంకో చీటీ రాశాడు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఖమ్మం పల్లెల్లోని పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉండే తెలుగు మరొకటి. పుస్తకంలో 'వస్తున్నాడు' అని ఉంటే పిల్లవాడు 'వస్తున్నడు' అని చదివాడంటే, ఆ పిల్లవాడు అక్షరాలు కలుపుకొని అర్థం చేసుకొని తన మాటలోకి తెచ్చుకున్నాడన్నమాట. దాన్ని తప్పుగా పట్టుకుంటే, అర్థంతో చదివే పిల్లవాణ్ణి అర్థం లేకుండా చదివే పిల్లవాడిగా మార్చినవాళ్ళమవుతాం. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడిన సంగతి అందరికీ తెలుసు. అంతకు ముందే ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు తయారుచేసి, బడులు పెట్టి చెప్పించారు. బడి భాష పిల్లవాడి నోటి భాషకు దగ్గరగా రావాలన్న ఆయన తపన చిన్న తరగతుల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ కావాలి.

పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో తెలుసుకోవడానికి పరీక్షలు అక్కరలేదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి చేస్తున్న 'అసర్' సర్వేలో వాడేది ఒకే ఒక్క కాగితం. దాని మీద అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి వాక్యాలు, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లవాణ్ణి ముందు వాక్యాల దగ్గర మొదలుపెట్టించి, వస్తే కథకు పంపుతారు, రాకపోతే మాటలకూ అక్షరాలకూ దింపుతారు. దేశం మొత్తం మీద రెండో తరగతి స్థాయి కథను చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం అని ఆ సర్వేలో తేలింది. మూడో తరగతి నాటికి పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవాలని 2021 జూలైలో కేంద్రం 'నిపుణ్ భారత్' మొదలుపెట్టింది, మన దగ్గర 2022లో 'తొలిమెట్టు' వచ్చింది. ఆ శిక్షణల్లో కూర్చున్నాను, వాటిలో మంచి ఉంది. కానీ ఒక గదిలో రెండు మూడు తరగతులను ఒక్కరే చూసుకోవలసిన చోట, ఒక్కొక్క పిల్లవాడి పక్కన కూర్చొని వినే సమయం ఉపాధ్యాయులకు ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లోవాళ్ళు ఆ పది నిమిషాలు ఇవ్వగలిగితే ఆ పిల్లవాడు ఒడ్డున పడతాడు. అక్షరం ముక్క రాని తల్లులు కూడా రోజూ సాయంత్రం 'ఏదీ, ఇవాళ పాఠం చదివి వినిపించు' అని కూర్చోబెట్టుకొని విన్నందువల్లనే బాగుపడిన పిల్లలు నా తరగతుల్లో ఎందరో ఉన్నారు.

మేము రాత్రి పడుకోబోయే ముందు పుస్తకం చదువుతాం. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వారు వేసిన బొమ్మల పుస్తకాలు కొన్ని ఇంట్లో ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్' అనే వెబ్‌సైటులో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి, కాకపోతే వాటిని నేను కాగితం మీద ముద్రించుకొని చదివిస్తాను. తెర మీద వాడి వేలు అక్షరం కింద నిలవదు, పేజీని జరుపుతుంది. మొదటిసారి నేనే మొత్తం చదువుతాను, వేలు మాటల కింద నడిపిస్తూ. రెండో రోజు వాడికి వచ్చిన మాట దగ్గర నేను ఆగిపోతాను, వాడు అందిస్తాడు. ఒకే కథను వారం రోజులు అడిగినా విసుక్కోను. కథ నోటికి వచ్చేసింది కాబట్టి చదవడం కాదని కొందరు అంటారు గాని, నోటికి వచ్చిన మాట కాగితం మీద ఎక్కడ ఉన్నదో వెతకడం కూడా చదవడంలో భాగమే.

ఇక ర ఒత్తు. ఒత్తు కింద ఉంటుంది, గుడి పైన ఉంటుంది, పలికేటప్పుడు మాత్రం పై హల్లు, కింది హల్లు, ఆ తరవాత మళ్ళీ పైనున్న గుడి. కన్ను కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కాలి. ఎడమ నుంచి కుడికి నడవడం అప్పుడే అలవాటైన కంటికి ఇది పెద్ద పని. నిన్న రాత్రి కథలో 'రాత్రి చాలా చలిగా ఉంది' అన్న వాక్యం వచ్చింది. వాడు 'రా' అని, 'తి' అని, కింద ఉన్న ఒత్తును చూసి ఆగిపోయాడు. నేను ఏమీ అందించలేదు. కొంచెంసేపు పైకీ కిందికీ చూసి, "రాత్తిరి చాలా చలిగా ఉంది" అని చదివి, దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు. నేను దిద్దలేదు. రేపు పొద్దున్న పలక మీద రాత్రి, మిత్ర, చిత్రం, పత్రిక అని నాలుగు మాటలు రాసి, ఒక్కొక్క ర ఒత్తు చుట్టూ రంగు బలపంతో సున్న చుట్టి, వాడు లేచేసరికి మంచం పక్కన పెడతాను.